రెండు అణాల పాటల పుస్తకం: దాచుకునే పద్ధతి, చేసుకునే పద్ధతి

మా అమ్మ పోయిన మూడో నెలలో ఆవిడ ట్రంకు పెట్టె ఖాళీ చేస్తుంటే, అడుగున పరిచిన పాత వార్తాపత్రిక కింద 11 పాటల పుస్తకాలు కనిపించాయి. అరచేతికన్నా కాస్త పెద్దవి. ఒక్కొక్కటి 12 నుంచి 16 పుటలు. అంచులు అప్పడంలా విరుగుతున్నాయి. ఒకదానిలో ఒక చరణం పక్కన పెన్సిలుతో అమ్మ రాత: "ఇది సినిమాలో లేదు." పారేద్దామని పెట్టె ముందు కూర్చున్నవాణ్ణి, ఆ మాట చదివి చీకటి పడేదాకా అక్కడే ఉండిపోయాను. అది జరిగి 17 ఏళ్లయింది. ఇప్పుడు నా దగ్గర 211 ఉన్నాయి.

ఈ తరం వాళ్లకు పాటల పుస్తకం అంటే ఏమిటో చెప్పాలి. ఒకప్పుడు సినిమా హాలు దగ్గర వాటిని అమ్మేవారు. నటీనటుల పేర్లు, సాంకేతిక నిపుణుల పేర్లు, కొంత కథ, తర్వాత పాటలు. కథ మాత్రం పూర్తిగా ఉండదు. రాకుమారి కోటలో బందీ అయిన చోటనో, అన్నదమ్ములు ఒకరినొకరు గుర్తుపట్టబోయే చోటనో ఆగిపోయి, మిగతాది వెండితెర మీద చూడమంటుంది. టేపురికార్డరు ఇంటింటికీ రాని కాలంలో, రేడియోలో ఎప్పుడు వస్తుందో తెలియని పాటను ఇంటికి పట్టుకెళ్లడానికి సామాన్యులకు అదే దారి.

నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. పాత సినిమాల మీద ప్రేమ ఉన్నవాళ్లు "మేమూ ఇలాంటివి పోగుచేయాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతూ ఉంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు హద్దు గీసుకోండి

1932 నాటి భక్త ప్రహ్లాద మొదలుకొని తెలుగు సినిమా మొత్తం నా బీరువాలో ఉండాలి అనుకుంటే ఏడాదిలో అలసిపోతారు, మరో ఏడాదిలో ఇంట్లోవాళ్లు అలసిపోతారు. ఒక మూల ఎంచుకోండి. ఒకే కవి పాటలు రాసిన చిత్రాలు కావచ్చు, ఒకే నిర్మాణ సంస్థ కావచ్చు, మీ నాన్నగారు చూసిన హాల్లో ఆడినవి కావచ్చు. నా మూల 1950 నుంచి 1965 దాకా వచ్చిన జానపదాలు, పౌరాణికాలు. కారణం కథలు కాదు. ముఖచిత్రాల మీద సినిమా పేరు రాసిన అక్షరాలు. నిప్పులు చిమ్మే గుడిదీర్ఘాలు, కత్తుల్లా వంగిన కొమ్ములు. ఆ అక్షరాలు చూస్తే నాకు ఇప్పటికీ చెయ్యి దురద పెడుతుంది.

హద్దు వల్ల ఇంకో లాభం ఉంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల గుట్టల ముందు నిలబడినప్పుడు, దేన్ని వదిలేయాలో తెలుస్తుంది. కోఠీలోనైనా, విజయవాడ లెనిన్ సెంటర్లోనైనా పాత పుస్తకాల వాళ్లను "సినిమా పుస్తకాలున్నాయా" అని అడిగితే పాత వారపత్రికలు చూపిస్తారు. "పాటల పుస్తకాలు బైండు చేయించినవి ఏమైనా ఉన్నాయా" అని అడగండి. చాలా ఇళ్లలో ఇరవై ముప్పై కలిపి అట్ట వేయించి దాచుకునేవారు. అలాంటి బైండు దొరికితే దాన్ని విప్పకండి. ఏ సినిమా తర్వాత ఏది వాళ్ల చేతికి వచ్చిందో ఆ వరుస చెబుతుంది. విప్పిన మరుక్షణం అది పోతుంది. నెలకు ఇంత అని డబ్బు విడిగా తీసి పెట్టుకోవడం కూడా మంచిది. నాది 300 రూపాయలు. ఖర్చు కాని నెల మిగిలినది వచ్చే నెలకు కలుస్తుంది. అప్పు చేసి కొన్న పుస్తకాన్ని ప్రశాంతంగా చదవలేం.

పుస్తకం వయసు కనుక్కోవడం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఉంటాను. చాలా పాటల పుస్తకాల మీద సంవత్సరం ఉండదు. సినిమా ఎప్పుడు వచ్చిందో తెలిసినా సరిపోదు. జనాదరణ పొందిన చిత్రాలు మళ్లీ మళ్లీ విడుదలయ్యేవి. ప్రతిసారీ పుస్తకం మళ్లీ అచ్చు వేసేవారు. కాబట్టి మీ చేతిలో ఉన్నది మొదటి విడుదలదా, పదేళ్ల తర్వాతిదా అన్నది కాగితమే చెప్పాలి.

మొదట వెల చూడండి. అణాలలో ఉంటే పాతది. రూపాయికి 16 అణాలు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి రూపాయికి 100 నయాపైసలయ్యాయి. అప్పటి నుంచి వెల పక్కన "న.పై." అని కనిపిస్తుంది. 1964 జూన్ 1 నుంచి "నయా" తీసేసి ఉత్త పైసలన్నారు. అంటే వెలలో "న.పై." ఉన్న పుస్తకాన్ని దాదాపు ఏడేళ్ల వ్యవధిలో పెట్టేయవచ్చు. అలవాటు కొద్దీ కొందరు కొన్నాళ్లు పాత లెక్కలోనే అచ్చు వేసి ఉంటారు గనుక నెలల దగ్గర మరీ పట్టుబట్టకండి.

తర్వాత చిరునామా. మద్రాసులో ఉన్న సంస్థ చిరునామా "మద్రాసు-17" అని ముగిస్తే ఒక కాలం, "మద్రాసు-600 017" అని ముగిస్తే మరో కాలం. ఆరంకెల పిన్ కోడు మన దేశంలో 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆ ఆరంకెలు కనిపిస్తే పుస్తకం అంతకు ముందుది కానే కాదు.

చివరి పుట అడుగున చిన్న అక్షరాలలో ముద్రాపకుడి పేరు, ఊరు ఉంటాయి. అచ్చయిన ప్రతి పుస్తకం మీదా, కాగితం మీదా అవి ఉండాలని 1867 నాటి చట్టం చెప్పింది. ఆ పంక్తిని భూతద్దంతో చదివి రాసుకోండి. ఒకే ప్రెస్సు పేరున్న పుస్తకాలు పది చేరాక వాటిని పక్కపక్కన పరిస్తే, ఆ ప్రెస్సు వాడిన పూల అంచులు, గీతలు, అక్షరాల మోతాదు గుర్తుపట్టడం వస్తుంది. అప్పుడు చివరి పుట చిరిగిపోయిన పుస్తకం కూడా ఎక్కడ పుట్టిందో కొంత చెబుతుంది.

నేను మోసపోయిన సంగతి ఒకటి. 1951 నాటి జానపదానిది ఒక పుస్తకం కొన్నాను. మొదటి విడుదలదని అమ్మినాయన చెప్పాడు, నేనూ నమ్మాను. రాత్రి దీపం కింద పెట్టి చూస్తే వెనక అట్ట మీద వెల 15 పైసలు. అణాలు లేవు, "న.పై." లేదు. 1964 తర్వాత మళ్లీ విడుదలైనప్పటి అచ్చు అది. ఆయన తప్పేమీ లేదు, వెల చదవని తప్పు నాది. ఇంకో ఉదాహరణ నా ప్రాణం తీస్తోంది. మాయాబజార్ విడుదలైంది 1957 మార్చి 27న. నయాపైసలు వచ్చింది ఏప్రిల్ 1న. మధ్యలో ఐదే రోజులు! ఆ చిత్రం పుస్తకాల మీద మొదటి వారం వెల ఎలా వేశారో చూడాలని నా కోరిక. నా దగ్గరున్న ప్రతికి వెల ఉండాల్సిన మూలే ఎలుక కొట్టేసింది.

రంగును చూసి మోసపోకండి. తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రం 1963లో లవకుశతో వచ్చింది గానీ, నలుపు తెలుపు చిత్రాలకు కూడా పుస్తకం అట్టకు రంగులు వేసేవారు. ఇక నకలును పట్టుకోవడం చేతి పని. పుట వెనక వేలి కొసతో మెల్లగా రాయండి. సీసపు అక్షరాలతో అచ్చు వేసినదైతే అక్షరాలు వెనక్కి తన్నిన గరుకు తగులుతుంది. జిరాక్సు తీసినదైతే నున్నగా ఉంటుంది, ఏటవాలు వెలుతురులో అక్షరం కాగితం పైన మెరుస్తుంది.

అచ్చు గురించి ఇంత చెప్పాను గానీ, పెన్సిలు గుర్తులను చెరపకండి. "రాతలు లేని ప్రతి" కోసం వెతికేవాళ్లున్నారు. నేను రాతలున్నవాటి కోసం వెతుకుతాను. ఎవరో పల్లవి పక్కన "చక్కగా పాడాడు" అని రాశారు. ఇంకెవరో హాస్యనటుడి పేరు కింద రెండు గీతలు కొట్టారు. అమ్మ రాసిన ఆ మాట నిజమేనని సినిమా చూసి తేల్చుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. అచ్చులో ఉండి తెరకెక్కని చరణాలకు ఇలాంటి పుస్తకాలే కొన్నిసార్లు సాక్ష్యం.

పెట్టుకోవడం

ఇక్కడ మొదట నా నేరం ఒప్పుకుంటాను. అమ్మ పుస్తకాలు దొరికిన వారంలోనే, చిరిగిన వెన్నులన్నిటికీ సెల్లోటేపు అతికించాను. ఆరేళ్లకు టేపు ఊడిపోయింది, జిగురు మాత్రం కాగితంలోకి దిగి బెల్లం రంగు పట్టీ వదిలింది. ఆ పట్టీ కింద ఒక పాట సగం పోయినట్టే. అందుకే నా నియమం ఒకటే: తిరిగి విప్పలేని పని దేన్నీ అసలు పుస్తకానికి చేయను. లామినేషన్ అంటే అది ఇక ఎప్పటికీ విడిపోదు. ఫెవికాల్ కూడా అంతే. చిరుగు మరీ పెద్దదైతే పల్చటి చేతి కాగితం సన్నని పీలికగా చింపి, నీళ్లలో ఉడికించిన గోధుమ పిండి జిగురుతో అతికించండి. అవసరమైతే తడిపి విప్పవచ్చు. ముందు పనికిరాని కాగితం మీద ఓ పది చిరుగులు అతికించి చెయ్యి కుదుర్చుకోండి.

స్టేప్లర్ పిన్నులు తుప్పు పడతాయి, ఆ తుప్పు కాగితాన్ని తింటుంది. పుస్తకం మధ్య పుట తెరిచి, మొండి అంచున్న సన్నని రేకుతో పిన్ను కాళ్లను మెల్లగా నిటారుగా లేపి, వెనక నుంచి బయటికి తీయండి. ముందు నుంచి లాగితే రంధ్రం చినుగుతుంది. అదే రంధ్రాల గుండా నూలు దారం వేసి వదులుగా ముడి వేయండి.

ఒక్కొక్క పుస్తకాన్నీ పాలియెస్టరు లేదా పాలీప్రొపిలీన్ తొడుగులో పెట్టండి. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు పీవీసీవి. అవి కొన్నేళ్లకు జిడ్డు కారి అచ్చును పీల్చుకుంటాయి. బీరువాలో మధ్య అర మేలు. అటక మీద వేడి, నేల దగ్గర చెమ్మ. వేపాకు వేస్తే మంచిదే గానీ పుటల మధ్య పెడితే మరక అవుతుంది, అర మూలల్లో ఉంచండి. కొత్తగా తెచ్చినదాన్ని నేరుగా మిగతావాటి పక్కన పెట్టకండి. వెండి రంగులో జారిపోయే పురుగు ఒకటి ఉంటుంది, దానికి గంజి అంటే ప్రాణం. తెచ్చిన పుస్తకాన్ని గాలి తీసేసిన రెండు సంచుల్లో బిగించి ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచుతాను. తీశాక ఒక రోజంతా సంచి విప్పను, విప్పితే చల్లటి కాగితం మీద నీళ్లు పడతాయి. ఫ్రీజర్లో బఠాణీల పక్కన పాటల పుస్తకాలేమిటని మా ఆవిడ మొదట్లో గొడవ పడింది. ఇప్పుడు ఆవిడే తేదీ రాసి పెడుతోంది.

ఒక లెక్కల పుస్తకం పెట్టండి. వరుస సంఖ్య, సినిమా పేరు, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, వెల, లోపల ఉన్న రాతలు. అంతే. ఎవరిచ్చారన్న గడి ఖాళీ ఉంచకండి, రెండేళ్లు దాటితే మీకే గుర్తుండదు. ఒకసారి నేను 9 పుస్తకాలు ఒకరికి చదవమని ఇచ్చి, రాసుకోలేదు. అవి ఇంకా చదువుతూనే ఉన్నారు.

చేత్తో చేయడం

పోగుచేయడం ఒక్కటే అయితే నాకు విసుగు పుట్టేది. అసలు పుస్తకాన్ని ఒక్కసారి జాగ్రత్తగా స్కాన్ చేసి తొడుగులో పెట్టేసి, ఆ తర్వాత ఆటలన్నీ నకలుతో ఆడండి. అక్షరాలకు 300 డీపీఐ చాలు, బొమ్మలున్న అట్టకు 600 పెట్టండి. పాత బొమ్మలు చుక్కల కూర్పు గనుక తక్కువలో తీస్తే వలలాంటి గీతలు పడతాయి. పుస్తకాన్ని గాజు మీద బలంగా నొక్కకండి. వెన్ను విరుగుతుంది.

నేను మొదట పట్టుకునేది పేరు రాత. నకలు మీద ట్రేసింగ్ కాగితం పరిచి సినిమా పేరును పెన్సిలుతో దించండి. ఒకసారి కాదు, ఐదుసార్లు. మూడోసారికి కళ్లకు కనిపించనివి చేతికి తెలుస్తాయి. తలకట్టు ఎక్కడా ఒకే మందంలో ఉండదు. ఎడమ నుంచి లేచేటప్పుడు సన్నగా, దిగేటప్పుడు లావుగా ఉంటుంది. సున్న గుండ్రంగా ఉండదు, కాస్త పడుకుని ఉంటుంది. పక్క అక్షరానికి చోటు లేకపోతే వత్తును కింద పొడుగ్గా లాగి అలంకారంగా మార్చేస్తారు. ఇరుకును అందంగా మలిచే ఆ తెలివి నాకు ఎంత చూసినా తనివి తీరదు. తర్వాత ట్రేసింగ్ పక్కన పెట్టి, ఆ సినిమా పేరులో లేని అక్షరాలను అదే ధోరణిలో మీరే ఊహించి గీయండి. దానిలో ణ లేకపోతే ణ ఎలా ఉండేది? ఱ? క్ష? నేను ఏడాది పాటు కూర్చుని ఒక ధోరణిలో వర్ణమాల పూర్తి చేశాను. ఇప్పుడు మా ఇంటి ముందు పేరు పలక ఆ అక్షరాలలోనే ఉంది. పోస్టుమాన్ దాన్ని చూసి ఇక్కడ సినిమా వాళ్లుంటారా అని అడిగాడు.

రెండోది, పుస్తకం కుట్టడం. ఏ4 కాగితాలు రెండు తీసుకుని అడ్డంగా సగానికి కోస్తే నాలుగు ముక్కలు. నాలుగింటినీ ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకు మడిస్తే 16 పుటల చిన్న పుస్తకం, అచ్చం పాటల పుస్తకం కొలత. మామూలు ఏ4 కాగితంలో పీచు సాధారణంగా పొడవు వెంట ఉంటుంది. ఇలా కోస్తే మడత పీచు వెంటే పడుతుంది, పుస్తకం తెరిచినప్పుడు ఎగదన్నదు. మడత మీద మూడు రంధ్రాలు పొడవండి, ఒకటి నట్టనడుమ, మిగతా రెండు కొసల నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో. సూదిని లోపలి నుంచి నడిమి రంధ్రం గుండా బయటికి, పై రంధ్రం గుండా లోపలికి, నడుమను దాటేసి కింది రంధ్రం గుండా బయటికి, మళ్లీ నడిమి రంధ్రం గుండా లోపలికి తీసుకురండి. లోపల నిలువుగా పడిన పొడవు దారానికి ఒక కొస ఇటు, ఒక కొస అటు ఉండేలా చూసి, దాని మీద ముడి వేయండి. రెండు కొసలూ ఒకే పక్కకు వస్తే ముడి జారుతుంది.

ఎక్కడైనా సినిమా ఫిల్ము ముక్క దొరికితే చిన్న ముచ్చట ఒకటి. చిన్నప్పుడు ఫ్యూజు పోయిన బల్బులో నీళ్లు నింపి, అద్దంతో ఎండను మళ్లించి, గోడ మీద సినిమా వేసేవాళ్లం. ఇప్పుడు 10 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న భూతద్దం, ఎల్ఈడీ టార్చి చాలు. ఫిల్మును తలకిందులుగా పట్టుకుని, భూతద్దానికి 10.5 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, వెనక టార్చి వేస్తే, దాదాపు 2 మీటర్ల అవతల గోడ మీద 44 సెంటీమీటర్ల వెడల్పున బొమ్మ పడుతుంది. అడుగు ముక్కలో 16 బొమ్మలుంటాయి. తెర మీద సెకనుకు 24 పరుగెత్తుతాయి గనుక మీ చేతిలో ఉన్నది ఒక సెకను కూడా కాదు. ఒక్క హెచ్చరిక: 1950ల మొదటి దాకా వాడిన నైట్రేట్ ఫిల్ము గుప్పున అంటుకుంటుంది, నీళ్లు పోసినా ఆరదు. అంచున ఇంగ్లీషులో "సేఫ్టీ" అన్న మాట కనిపించకపోతే దాని జోలికి వెళ్లకండి.

చేసినవి అమ్మవచ్చా అని అడుగుతారు. మీకోసం, స్నేహితులకు ఇవ్వడానికి చేసుకుంటే పేచీ లేదు. అమ్మకానికి పెడితే హక్కులు చూసుకోవాలి. మన చట్టంలో చలనచిత్రానికి హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు, రచనకు రచయిత మరణించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 1957 నాటి మాయాబజార్‌కు చిత్రంగా ఉన్న హక్కు గడువు 2017తో తీరింది గానీ, అందులో పాటలూ మాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో మరణించారు కనుక ఆ రచనకు 2031 చివరి దాకా హక్కు ఉంటుంది. నేనైతే మీరు గీసిన అక్షరాలు, మీరు రాసిన కథ మాత్రమే అమ్మండంటాను.

కథ అన్నాను కదా, చివరి పని అదే, కష్టమైనదీ అదే. మీకు ఇష్టమైన సినిమాకు పాటల పుస్తకం పద్ధతిలో కథ మీరే రాయండి. రెండు పుటలు దాటకూడదు. పాత్రలందరూ రావాలి. సరైన చోట ఆగాలి. ఎక్కడ ఆగాలన్నది తేల్చుకోవడానికి సినిమాను నాలుగుసార్లు చూస్తారు. అభిమానంతో వందసార్లు చూసినప్పుడు కనిపించని అతుకులు అప్పుడు కనిపిస్తాయి. ముడి పడకముందే ఆగితే చదివేవాడికి చూడాలనిపించదు, విప్పడం మొదలయ్యాక ఆగితే చూడాల్సిన పని ఉండదు. నేను ఒక జానపదానికి ఏడుసార్లు రాసి, చివరికి మాంత్రికుడు తలుపు తట్టే చోట ఆపాను.

కిందటి సెలవుల్లో మా మనవరాలు, పదేళ్లది, తానూ ఒకటి రాస్తానని కూర్చుంది. ఏ సినిమాకూ కాదు, తన బుర్రలో ఉన్న సినిమాకు. మాట్లాడే ఏనుగు, దొంగిలించిన కిరీటం, చెరువు అడుగున ఒక తలుపు. ఏనుగు తొండంతో తలుపు నెట్టగానే ఆగిపోయింది. పుస్తకం తనే కుట్టింది, దారం రెండు కొసలూ ఒకే పక్కకు వచ్చాయి, నేను సరిచేయలేదు. తలుపు వెనక ఏముందని అడిగితే, "వెండితెర మీద చూసుకో తాతయ్యా" అంది. ఇవాళ్టికీ చెప్పలేదు. లెక్కల పుస్తకంలో రాసుకున్నాను. వరుస సంఖ్య: 212. దొరికిన చోటు: ఇల్లు. వెల: 2 అణాలు, బాకీ.